బాలశౌరి గారు పంపిన జవాబు

జూన్ రెండో గురువారం మధ్యాహ్నం టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లోని ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తనుశ్రీ అన్నం తింటూ ఉండగా జర్మనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆమె దరఖాస్తు పెట్టుకున్న యూనివర్సిటీలో అడ్మిషన్ల పని చూసే ఆవిడ రాసింది. దరఖాస్తు చివరి పరిశీలనలో ఉందని, సిఫారసు రాసిన ప్రొఫెసర్ బాలశౌరి గారికి తాము కొన్ని ప్రశ్నలు పంపామని, ఆయన నిన్న సాయంత్రమే ఓపిగ్గా జవాబిచ్చారని అందులో ఉంది. 'జవాబు అలసిపోయేదాకా ప్రశ్న వదలని పిల్ల' అని మీ గురించి ఆయన రాసిన మాట మాకందరికీ నచ్చింది, ఆయనకు మా కృతజ్ఞతలు చెప్పండి, అంటూ ముగించింది.

తనుశ్రీ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. బాలశౌరి గారు పోయి ఏడాది దాటింది. కిందటి నెలలోనే ఆయన ఏడాది ప్రార్థనకు భాలుబాసాలోని వాళ్ళింటికి వెళ్ళి, ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

మెయిల్ మళ్ళీ చదివింది. తేదీ చూసింది. నిన్న సాయంత్రమే.

తనుశ్రీకి ఇరవైమూడేళ్ళు. ఆమె తండ్రి భీమారావు ఉక్కు కంపెనీలో, లోహం కరిగించే విభాగంలో క్రేన్ డ్రైవరు, వచ్చే ఏడాది రిటైరవుతాడు. తాతల ఊరు ఇచ్ఛాపురం అవతల ఎక్కడో ఉందని వినడమే తప్ప ఆమె పుట్టిందీ పెరిగిందీ బారిడీహ్ క్వార్టర్లలోనే. ఇంజనీరింగులో మెటలర్జీ తీసుకుంది. నాలుగేళ్ళూ ఆమెకు పాఠం చెప్పింది బాలశౌరి గారే. బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాడి ఇనుము తీయవచ్చని ఆమె మొదట విన్నది ఆయన నోటే. ఆ పని నేర్పే చోట్లు జర్మనీలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయన బోర్డు మీద రాసిన రోజున, ఆ పేర్లన్నీ నోట్సు చివరి పేజీలో దింపుకుంది. సిఫారసు ఉత్తరం కావాలని అడిగితే పరీక్షలయ్యాక ఇంటికి రమ్మన్నారు. పరీక్షలు పూర్తికాకముందే, మే నెలలో, గుండెపోటుతో పోయారు.

ఆ తర్వాత ఏడాదంతా ఆమె ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేస్తూ జర్మన్ నేర్చుకుంది. దరఖాస్తు పని మాత్రం శ్యామ్‌కు అప్పజెప్పారు. సాక్చీ బజారులో ఒక రెండో అంతస్తులో విదేశీ చదువుల ఆఫీసు అతనిది. తెలుగువాడు. ఎవరింట్లో పెళ్ళైనా చావైనా ముందుండి పని అందుకుంటాడని అతనికి మంచి పేరు. తనుశ్రీతో కలిసి చదివిన సౌజన్యను కిందటి అక్టోబరులో జర్మనీ పంపించిందీ అతనే. ఒరిజినల్ మార్కుల షీట్లు తీసుకున్నాడు. దరఖాస్తుకు ఒక మెయిల్ అడ్రసు తనే తెరిచి, పాస్‌వర్డు తన దగ్గరే ఉంచుకున్నాడు. అవసరం పడొచ్చని రెండు తెల్లకాగితాల మీద సంతకాలు చేయించుకున్నాడు. సిఫారసులు రెండు కావాలి, నా దగ్గర ఒకటే ఉంది అని తనుశ్రీ అంటే, చూసుకుంటాలే అన్నాడు. ఆ మాట ఆమె అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో ఒకసారి ఆమె తన సొంత మెయిల్ నుంచి ఆ యూనివర్సిటీకి ల్యాబు గురించి ఒక ప్రశ్న రాసింది. ఆ అడ్మిషన్ల ఆవిడ ఆ పాత ఉత్తరానికే ఇప్పుడు జవాబుగా రాసింది. అలా రాయకపోయి ఉంటే ఈ సంగతి తనుశ్రీకి ఎప్పటికీ తెలిసేది కాదు.

మర్నాడు డ్యూటీ దిగాక ఆమె సాక్చీ వెళ్ళింది. శ్యామ్ ఒక్కడే ఉన్నాడు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫోన్‌లో మెయిల్ చదివాడు. ఏమాత్రం తడబడలేదు. నెమ్మదిగా చదివి, ఫోన్ ఆమె వైపు జరిపాడు.

"మంచి మాటే రాసేరు కదమ్మా. ఇంకేటి?"

"మాస్టారు చనిపోయారు అంకుల్."

"బతికుంటే రాసీవోరా, రాసీవోరు కాదా?"

తనుశ్రీ టీ గ్లాసు పక్కకు జరిపింది.

"రాసీవోరు. ఆయన రాయాల్సింది ఆయన పేరునే రాసేం. ఇందులో నష్టపోయినోడు ఎవడు సెప్పు."

ఈ దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను, నా సర్టిఫికెట్లు ఇచ్చేయండి, అని ఆమె అడిగింది. అవి ఢిల్లీలో ఉన్నాయి, వచ్చాక ఇస్తానన్నాడు. కోపం తెచ్చుకోలేదు. మెట్ల దాకా తోడు వచ్చాడు. దిగబోతుంటే, సౌజన్యకు కూడా కిందటేడు జూన్‌లో మాస్టారే రాశారని, ఆ పిల్ల అక్కడ చక్కగా చదువుకుంటోందని, దాని చదువు పాడవకుండా చూసుకోవాల్సిన బాధ్యత మనందరికీ ఉందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె తల మీద చెయ్యి వేసే ఉన్నాడు.

శనివారం ఉదయం ఆమె భాలుబాసాలో బాలశౌరి గారి ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య సామ్రాజ్యం స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. తనుశ్రీ ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోన్ ఆవిడ చేతిలో పెట్టింది. సామ్రాజ్యం కళ్ళజోడు పెట్టుకుని మెయిల్ రెండుసార్లు చదివింది. తర్వాత ఫోన్ తనుశ్రీకి తిరిగి ఇచ్చింది.

"ఈ మాట ఆయనదేనమ్మా," అంది. "జవాబు అలసిపోయేదాకా అన్నది. పన్నెండేళ్ళ కింద వేరే పిల్లవాడికి రాశారు. రాసి నాకు చదివి వినిపించారు."

"ఆ ఉత్తరం ఎక్కడుందాంటీ?"

"ఆయన కంప్యూటర్లో ఉంటుంది."

కంప్యూటర్ ఎక్కడుందని తనుశ్రీ అడగబోయి ఆగిపోయింది. ఆవిడ ముఖం చూస్తే అడగక్కర్లేదనిపించింది. మాస్టారిని మట్టి చేసిన పదోరోజున శ్యామ్ వచ్చాడట. పెన్షన్ కాగితాలు, బ్యాంకు పనులు ఒంటరి మనిషి ఎలా చేసుకుంటుంది, నేను చూస్తానన్నాడట. పనులన్నీ చేసిపెట్టాడు కూడా. ల్యాప్‌టాప్, మాస్టారి ఫోను అతని దగ్గరే ఉండిపోయాయి. నెలకోసారి పళ్ళు పట్టుకుని వచ్చి పలకరించి పోతున్నాడు. అందుకని ఆవిడకు అడగాలని కూడా తోచలేదు.

"అంటే ఏడాదిగా ఆయన ఉత్తరాలు రాస్తానే ఉన్నారన్నమాట," అంది సామ్రాజ్యం. లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. పట్టపగలు ఆ ఇంటి తలుపు వేసి ఉండటం తనుశ్రీ ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం సౌజన్యకు వీడియో కాల్ చేసింది. సంగతి సగం చెప్పేసరికే సౌజన్య ఫోన్ పట్టుకుని గదిలోంచి బయటకు నడిచింది. మెట్ల మీద కూర్చుని చిన్నగా మాట్లాడింది. తన ఉత్తరం దొంగదని ఆమెకు అక్కడికి వెళ్ళాకే తెలిసిందట. తెలిశాక ఎవరికి చెప్పుకుంటుంది?

"నువ్వు రాస్తే నా పేరు బయటికొస్తాది తనూ. ప్లీజ్, రాయకు."

"నీ పేరు రాయను. నా సంగతి ఒక్కటే రాస్తాను."

"ఇద్దరి ఉత్తరాల మీదా సంతకం ఒక్కరిదే కదా. వాళ్ళు వెతకరా?"

కాసేపటికి సౌజన్య తనంతట తానే ఇంకో సంగతి చెప్పింది. శ్యామ్ ప్రతి నెలా ఫోన్ చేస్తాడు. మొదట్లో యోగక్షేమాలే. జనవరిలో, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆమె ఉండే ఇంటి అడ్రసు వాడుకుంటానన్నాడు. అక్కడ ఎవరైనా ఊరికి రాగానే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఆఫీసులో నమోదు చేసుకోవాలి, ఉత్తరాల పెట్టె మీద పేరు ఉండాలి. ఇప్పుడు ఆమె పెట్టె మీద ఆమె పేరు కింద ఇంకో మూడు పేర్లున్నాయి. వాళ్ళెవరో ఆమెకు తెలియదు. ఒక్కరినీ చూడలేదు. వాళ్ళ పేర్ల మీద ఉత్తరాలు వస్తాయి. అవి ఫోటో తీసి శ్యామ్‌కు పంపుతుంది. కాదందామంటే మాస్టారి ఉత్తరం మాట ఎత్తుతాడు.

"మొన్న పోలీసు ముద్ర ఉన్న కవరొచ్చింది," అంది సౌజన్య. "దాన్నీ ఫోటో తీసి పంపాను. తెరిచి మాత్రం చూడలేదు."

అప్పటిదాకా తనుశ్రీకి ఒక ఆశ ఉండేది. ఎలాగోలా విమానం ఎక్కేస్తే శ్యామ్ ఇక్కడే ఉండిపోతాడని, చదువు మాత్రం తనదవుతుందని. మెట్ల మీద ముడుచుకుని కూర్చున్న సౌజన్యను చూశాక ఆ ఆశ పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబుదామనుకుంది. ఆమె నోరు విప్పేలోపే శ్యామ్ వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బాతో. యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ వచ్చిందని చెప్పి, కాగితం టీపాయ్ మీద పరిచాడు. తల్లి వరహాలమ్మ దాన్ని కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టింది. కోల్‌కతాలో వీసా కోసం ఏ తేదీ దొరుకుతుందో, ఏమేం కాగితాలు కావాలో శ్యామ్ వివరంగా చెప్పాడు. వెళ్ళేముందు తనుశ్రీ వైపు తిరిగి, శనివారం భాలుబాసా వెళ్ళావట కదమ్మా, ఆ ఆంటీకి బీపీ ఉంది, ఒంటరిగా ఉంటుంది, ఎక్కువ కంగారు పెట్టకు, అన్నాడు. ఆ మాట వరహాలమ్మకు మామూలు మాటలాగే వినిపించింది.

అతను వెళ్ళాక తనుశ్రీ తండ్రిని డాబా మీదకు తీసుకెళ్ళి అంతా చెప్పింది. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో హిందీలోకి పోయింది. భయం వేస్తే ఆమెకు హిందీయే వస్తుంది.

భీమారావు మొదట తేలిగ్గా తీసుకోబోయాడు. మనం అడిగేమా, ఆడే రాసేడు, పాపం ఆడిది, నువ్వు ఎల్లిపోయి సదువుకో అన్నాడు. నలభై ఇళ్ళకు తెలిసిన మనిషితో పేచీ పెట్టుకుంటే ఈ కాలనీలో తలెత్తుకు తిరగలేమన్నాడు. అప్పుడామె ఉత్తరాల పెట్టె మీది మూడు పేర్ల సంగతి చెప్పింది. తెల్లకాగితాల మీద సంతకాల సంగతీ చెప్పింది.

"కాలీ కాయితాల మీదా?"

"హా పాపా. దో," అంది తనుశ్రీ, రెండు వేళ్ళు చూపించి.

భీమారావు పిట్టగోడ మీద చేతులానించి కంపెనీ పొగగొట్టాల వైపు చూశాడు. ముప్పైనాలుగేళ్ళుగా ఆయన చేసిన పని కరిగిన ఉక్కు నిండిన బకెట్టును ఎత్తి, మనుషుల నెత్తి మీదుగా నడిపించి, అవతల దించడం.

"హుక్ సరిగ్గా పడనేదని తెలిసేక ఎత్తకూడదు," అన్నాడు. "ఎలాగో ఎల్లిపోద్దిలే అని ఎత్తినోణ్ణి ఒకణ్ణి సూసేను. కింద ముగ్గురున్నారు." ఆమె వైపు తిరిగి, "రాసీయమ్మా. మీ అమ్మకి నాను సెప్తాను," అన్నాడు.

సోమవారం సామ్రాజ్యం తన చేత్తో ఒక ఉత్తరం రాసి సంతకం చేసింది. భర్త మరణ ధృవపత్రం తీసి ఇచ్చింది. తనుశ్రీ రెంటినీ జతచేసి, తన అడ్మిషన్ రద్దు చేయమని యూనివర్సిటీకి రాసింది. సౌజన్య పేరు ఎక్కడా ఎత్తలేదు.

మూడోరోజు జవాబొచ్చింది. నిజం చెప్పినందుకు ఒక వాక్యంలో కృతజ్ఞత ఉంది. కానీ మీ ఉత్తరం అందిన కొన్ని గంటల్లోనే ప్రొఫెసర్ బాలశౌరి గారి నుంచి మాకు ఇంకో మెయిల్ వచ్చింది, అని రాశారు. ఈ విద్యార్థిని మనసు స్థిమితంగా లేదని, తన భార్య వృద్ధురాలని, ఆమె చేత ఏదో సంతకం చేయించుకుని ఉండవచ్చని, తాను మొదట రాసిన సిఫారసును బాధతో వెనక్కి తీసుకుంటున్నానని ఆ మెయిల్‌లో ఉందట. కింద, ప్రభువు కృపలో, బాలశౌరి. ఆయన ఎప్పుడూ అలాగే ముగించేవారు.

తను మెయిల్ పంపిన సంగతి శ్యామ్‌కు అంత త్వరగా ఎలా తెలిసిందా అని ఆలోచిస్తే ఒకటే తోచింది. యూనివర్సిటీ వాళ్ళు నిజమేమిటో తెలుసుకోవడానికి బాలశౌరి గారినే అడిగి ఉంటారు. ఆయన జవాబిచ్చారు.

సామ్రాజ్యం ఆ మెయిల్ చదివి కళ్ళజోడు తీసేసింది. "ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ పిల్ల గురించీ ఒక్క చెడ్డ మాట రాయలేదమ్మా," అంది. ఆ మధ్యాహ్నమే చీర మార్చుకుని, తనుశ్రీని, భీమారావును వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. అక్కణ్ణుంచే సామ్రాజ్యం, తనుశ్రీ ఫోన్ తీసుకుని, యూనివర్సిటీ వాళ్ళతో వీడియోలో మాట్లాడింది. పాఠం చెప్పే గొంతుతో, ఆగి ఆగి, ఇంగ్లీషులో, తన భర్తను ఏ రోజున ఏ సమాధుల తోటలో పాతిపెట్టారో చెప్పింది. ఆ పేరుతో వచ్చిన ఉత్తరాలన్నీ మళ్ళీ చూస్తామని, మిగతా యూనివర్సిటీలకు కూడా తెలియజేస్తామని అవతలివాళ్ళు చెప్పారు.

అలా సౌజన్య పేరు బయటికొచ్చింది.

ఆ వారం ఆమె పదకొండుసార్లు ఫోన్ చేసింది. తనుశ్రీ ప్రతిసారీ ఎత్తింది. సౌజన్య మొదట్లో తిట్టింది, తర్వాత ఏడ్చింది. ఆఖరిసారి చేసినప్పుడు, ఉత్తరాల పెట్టె మీది మూడు పేర్లూ గోటితో గీకేశానని, ముద్ర ఉన్న కవరు పట్టుకుని తనే పోలీసుల దగ్గరకు వెళ్తున్నానని చెప్పింది. జులై నెలాఖరుకు ఆమె సీటు రద్దయింది. టాటానగర్ స్టేషన్‌లో ఆమెను కలుసుకోవడానికి తనుశ్రీ వెళ్ళింది. సౌజన్య తల్లిదండ్రులు పలకరించలేదు. సౌజన్య మాత్రం పెట్టె ఒక పక్క పట్టుకోమని చెప్పింది. ఇద్దరూ కలిసి దాన్ని ఆటో దాకా మోశారు.

శ్యామ్ దొరకలేదు. ఆఫీసుకు తాళం పడింది. కోల్‌కతాలో ఉన్నాడని కొందరు, రాయ్‌పూర్‌లో ఉన్నాడని కొందరు అన్నారు. తనుశ్రీ మార్కుల షీట్లు అతనితోనే పోయాయి. నకళ్ళ కోసం దరఖాస్తు పెట్టింది. ఆ ఏడాది అడ్మిషన్ మాట అక్కడితో ఆగింది. కాలనీలో సగంమంది ఆమె వల్లే పిల్లల చదువులు పోయాయన్నారు. షిఫ్టులో భీమారావు పక్కన కూర్చుని టిఫిన్ తినే మనిషి వేరే బల్లకు మారిపోయాడు.

ఆగస్టులో ఒక ఆదివారం, వెనక వరుస క్వార్టర్‌లో ఉండే బిందుప్రియ ఫైలు పట్టుకుని తనుశ్రీ దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల జర్మనీలో డిగ్రీకి వెళ్ళాలనుకుంటోంది. అంతా ఆన్‌లైన్‌లోనే, రాంచీలో ఉన్న ఒక కొత్త ఆఫీసు వాళ్ళు చేసిపెడుతున్నారు, ఒకసారి చూడక్కా, అంది. తనుశ్రీ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పింది. మూడో కాగితం సిఫారసు. రిటైరైన హెడ్మాస్టర్ డేవిడ్ రాజు సంతకం. అడ్రసు భాలుబాసాయే.

"ఈ మాస్టారు నీకు పాఠం చెప్పారా?"

"నహీ దీదీ. ఎప్పుడూ చూడ్లేదు. వాళ్ళే తెప్పించారు."

తనుశ్రీ ఆ పిల్లను వెంటబెట్టుకుని అప్పుడే బయల్దేరింది. దారిలో సామ్రాజ్యానికి ఫోన్ చేస్తే డేవిడ్ రాజు ఇల్లు చెప్పింది. ఆయనకు మార్చి నెలలో పక్షవాతం వచ్చిందని, మనిషి మంచం దిగడం లేదని కూడా చెప్పింది.

తలుపు ఆయన భార్య తీసింది. అలసిన మనిషి. లోపలి గదిలో డేవిడ్ రాజు మంచం మీద పడుకుని, వచ్చినవాళ్ళ వైపు చూసి, నోరు కదిపాడు గానీ మాట రాలేదు. తనుశ్రీ సిఫారసు కాగితం ఆయన కళ్ళెదుట పట్టుకుంది. ఆయన చదివాడు. సంతకం దాకా వచ్చి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"ఆయనేం రాయలేరమ్మా, కుడిచెయ్యి పడిపోయింది," అంది భార్య. "కాగితాల పనులన్నీ ఒకబ్బాయి చూస్తున్నాడు. మనవాడే, చాలా మంచివాడు. ఇప్పుడే, అరగంట కిందట వచ్చి వెళ్ళాడు."

మంచం పక్కన స్టూలు మీద ఒక బుట్టలో దానిమ్మ పళ్ళు ఉన్నాయి. దాని పక్కన పాత ల్యాప్‌టాప్, ఛార్జరు తీగ చుట్టి పెట్టి ఉంది.

"ఇది ఎవరిదండీ?"

"ఆయనదే. పెన్షన్ పని మీద కావాలన్నాడు. ఇవాళ చేతిలో సంచీ లేదని రేపు పట్టుకెళ్తానన్నాడు."

బిందుప్రియ ఇద్దరి ముఖాల వైపూ మార్చి మార్చి చూస్తోంది. మంచం మీంచి డేవిడ్ రాజు ఎడమచెయ్యి ఎత్తి తనుశ్రీ మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగా ఉంది.

"రేపు ఎన్నింటికి వస్తానన్నాడండీ?" అని అడిగింది తనుశ్రీ.

"పదింటికి."

తనుశ్రీ ఆ చెయ్యి విడిపించుకోకుండానే స్టూలు కాలితో దగ్గరకు జరుపుకుంది. రెండో చేత్తో ఫోన్ తీసి మొదట తండ్రికి, తర్వాత సామ్రాజ్యానికి చెప్పింది, పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని రేపు పొద్దున తొమ్మిదికల్లా ఇక్కడికి రమ్మని.